మానని కోత, తిరిగొచ్చిన నిద్ర: సెప్సిస్ రోగికి మెలటోనిన్ వాడిన ఒక కేస్ స్టడీ

రోగి వయసు 58 ఏళ్లు, బరువు 60 కిలోలు. పాకాల మండలంలో మామిడి రైతు. షుగర్ ఉందన్న సంగతి ఆసుపత్రికి వచ్చేదాకా ఆయనకు తెలియదు. రోజుకు ఒక కట్ట బీడీలు. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు, వాటికి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్ మాత్రలు.

జూన్‌లో తోతాపురి కాయ కోసి, ట్రాక్టర్‌కు ఎత్తి, గుజ్జు ఫ్యాక్టరీ ముందు క్యూలో పెట్టాడు. మా ప్రాంతం వాళ్లకు ఆ క్యూ సంగతి తెలుసు. కాయ దిగేదాకా రెండు మూడు రాత్రులు ట్రాక్టర్ దగ్గరే పడక. వేళకు తిండి ఉండదు, టీలూ బీడీలే. మోకాళ్లు లాగుతుంటే ఖాళీ కడుపు మీదే మాత్రలు వేసుకున్నాడు. రెండో రోజు తెల్లవారుజామున పైకడుపులో కత్తితో పొడిచినట్టు నొప్పి మొదలైంది. వరస పోతుందని కదల్లేదు. దగ్గర్లోని ఆర్‌ఎంపీ గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ వేశాడు. నొప్పి కాస్త సద్దుమణిగింది. చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినానికి చిల్లు పడినప్పుడు కొన్ని గంటల తర్వాత ఇలా నొప్పి తగ్గినట్టు అనిపించే దశ ఒకటి వస్తుంది. దాన్ని నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఈయన కూడా కాయ దించి ఇంటికి వెళ్లిపోయాడు. పొట్ట బండలా బిగిసి, మనిషి పొంతన లేకుండా మాట్లాడుతుంటే అప్పుడు 108లో తిరుపతికి తెచ్చారు. నొప్పి మొదలై అప్పటికి దాదాపు 60 గంటలు.

ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆయనెవరో పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం మార్చలేదు.

వచ్చేసరికి నాడి 128, బీపీ 84/50, శ్వాస నిమిషానికి 30, జ్వరం 101.6. మూత్రం గంటకు 15 మి.లీ. కూడా రావడం లేదు. రక్తంలో లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగేది) 4.6, కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ 2.3, ప్లేట్‌లెట్లు 96 వేలు, లివర్ పని చెప్పే బిలిరుబిన్ 1.8, రక్తంలోని ప్రోటీన్ అల్బుమిన్ 2.3, ఒంట్లో వాపును కొలిచే సీఆర్‌పీ 240, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.1. కూర్చోబెట్టి తీసిన ఎక్స్‌రేలో డయాఫ్రమ్ కింద గాలి స్పష్టంగా కనిపించింది, అంటే చిల్లు పడినట్టే. బీపీ నిలబెట్టే నారడ్రినలిన్ మందు మొదలుపెట్టాక, అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో కొలిచే సోఫా స్కోరు లెక్కవేస్తే 11. 2016లో వచ్చిన నిర్వచనం ప్రకారం ఇన్‌ఫెక్షన్ ఉండి, ఈ స్కోరు 2 పెరిగితే చాలు, అది సెప్సిస్. అంటే సూక్ష్మజీవుల మీద శరీరం చేసే యుద్ధం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీస్తోందన్న మాట. సెలైన్ ఎక్కించాక కూడా బీపీ నిలబడక, లాక్టేట్ 2 దాటే ఉంది కాబట్టి ఈయనది సెప్టిక్ షాక్.

కిలోకు 30 మి.లీ. లెక్కన 1,800 మి.లీ. రింగర్ లాక్టేట్, మొదటి గంటలోనే పైపరాసిలిన్-టాజోబాక్టమ్ అనే యాంటీబయాటిక్, నాలుగు గంటల్లోపు థియేటర్. కడుపు తెరిస్తే పైత్యం కలిసిన చీము రెండు లీటర్లు. డుయోడినం ముందు గోడలో సెంటీమీటరు చిల్లు. పేగుల మీద కప్పుకొని ఉండే కొవ్వు పొర ముక్కతో దాన్ని మూశాను. గ్రాహమ్ ప్యాచ్ అంటాం. గోరువెచ్చని సెలైన్‌తో కడుపంతా కడిగి, మురుగు బయటికి పోయేలా డ్రెయిన్ గొట్టం పెట్టి, కడుపు గోడలోని గట్టి పొరను నెమ్మదిగా కరిగే పీడీఎస్ దారంతో కుట్టాను. కోత పొడవుకు నాలుగు రెట్ల దారం పట్టేలా చిన్న చిన్న కుట్లు. చర్మం మాత్రం మూయలేదు. అంత చీములో చర్మం మూస్తే లోపల మురుగు నిలుస్తుంది.

ఆ కుట్ల దగ్గర నేను ఎందుకంత సేపు నిలబడ్డానో చెప్పాలి. రెండేళ్ల ముందు శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చిన ఒక తల్లికి ఇదే ఆపరేషన్ చేశాను. ఎనిమిదో రోజు పొద్దున దగ్గితే కుట్లు విడిపోయి పేగులు బయటికొచ్చాయి. మళ్లీ కుట్టాం, కానీ ఆమెను దక్కించుకోలేకపోయాం. సెప్సిస్‌లో కుట్టు విడిపోతే చాలామంది దారం తెగిందనుకుంటారు. దారం తెగదు. అది పట్టుకోవాల్సిన కండ మెత్తబడిపోతుంది, గట్టి దారమే దాన్ని కోసుకుంటూ బయటికొస్తుంది. ఆమె కుట్లలో ముడి ఒక్కటి కూడా ఊడలేదు.

కోత ఎందుకు మానలేదు

గాయం మానడానికి ఒక వరస ఉంది. ముందు రక్తం గడ్డకడుతుంది. తర్వాత న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు అనే కణాలు వచ్చి చెత్తను, సూక్ష్మజీవులను శుభ్రం చేస్తాయి. మనకు వాపుగా, ఎర్రదనంగా కనిపించే ఇన్‌ఫ్లమేషన్ ఈ పనే. మామూలుగా మూడు నాలుగు రోజుల్లో ఈ కణాలు వెనక్కి తగ్గి, ఫైబ్రోబ్లాస్ట్‌లు అనే మరో రకం కణాలు దిగి, కండకు బలమిచ్చే కొల్లాజెన్ పోగులు అల్లడం మొదలుపెడతాయి. ఆరోగ్యవంతుడికే మొదటి వారానికి ఆ అల్లిక బలం అసలు చర్మం బలంలో నూటికి మూడు పాళ్లు. అప్పటిదాకా కడుపును పట్టి ఉంచేది దారమే.

సెప్సిస్‌లో ఈ వరస ఆ శుభ్రం చేసే మెట్టు దగ్గరే ఆగిపోతుంది. బ్యాక్టీరియా గోడలోని విషం కణాల మీద ఉండే టీఎల్‌ఆర్-4 అనే తలుపు తడుతుంది. లోపల ఎన్‌ఎఫ్-కప్పా బి అనే స్విచ్ పడి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-1 బీటా, ఐఎల్-6 అనే ఇన్‌ఫ్లమేషన్ రసాయనాలు ఎడతెరిపి లేకుండా తయారవుతాయి. న్యూట్రోఫిల్స్ వెనక్కి వెళ్లవు. వాటి ఎంజైములు చెత్తతో పాటు అప్పుడే అల్లిన కొల్లాజెన్‌ను కూడా కోసేస్తాయి. నైట్రిక్ ఆక్సైడ్, సూపర్ ఆక్సైడ్ కలిసి పెరాక్సీనైట్రైట్ అయి కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బతీస్తాయి. రక్తం గుండెకు, మెదడుకు మళ్లుతుంది, కడుపు గోడకు అందేది తగ్గిపోతుంది. దీనికి తోడు ఈయనకు షుగర్, తక్కువ అల్బుమిన్, ఏళ్ల తరబడి బీడీలు.

ఐదో రోజు డ్రెస్సింగ్ విప్పితే నాకు కనిపించింది ఇదే. బూడిద రంగులో, తడిగా, ప్రాణం లేనట్టున్న గాయం. గాజు గుడ్డ తీస్తే రక్తపు చుక్క కూడా రాలేదు. కింది చివర మూడు కుట్లు వదులయ్యాయి. వాటి మధ్య నుంచి లేత గులాబీ రంగు నీరు ఊరుతోంది. కడుపు విడిపోవడానికి ముందు కనిపించే ఆ నీరు సర్జన్లందరికీ భయమే. నాకు శ్రీకాళహస్తి తల్లి గుర్తొచ్చింది.

చెడ్డ వార్తలు అంతే. వెంటిలేటర్ రెండో రోజే తీసేశాం. నారడ్రినలిన్ నాలుగో రోజు ఆగింది. కడుపులోని చీము కల్చర్‌లో చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని ఈఎస్‌బీఎల్ రకం ఈ.కొలై బ్యాక్టీరియా వచ్చింది. దాంతో నాలుగో రోజు పొద్దున దాని మీద పనిచేసే మెరోపెనెమ్‌కు మారాం. ఈ తేదీలు గుర్తుంచుకోండి, వీటితో తర్వాత పని ఉంది.

పదకొండు సార్లు

మూడో రాత్రి నుంచి ఆయనకు మతి చలించింది. పగలు మగతగా పడుకునేవాడు. చీకటి పడితే లేచి కూర్చుని, ముక్కులోంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబ్ లాగేవాడు, డ్రెయిన్ పట్టుకునేవాడు, "కాయ దించినారా? నా ట్రాక్టర్ ఎవరు తీసుకపోయినారు?" అని అరిచేవాడు. గోడ మీద చీమలు పాకుతున్నాయని దులుపుకునేవాడు. మా ఊళ్లలో పాత తరం దీన్ని సంధి అనేవాళ్లు, మేం డెలీరియం అంటాం. పరీక్ష కోసం అడిగే ప్రశ్నలు అన్నింటిలోనూ తప్పాడు. అరిచి గింజుకున్న ప్రతిసారీ పొట్ట లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడంతా పడేది ఆ మూడు వదులు కుట్ల మీదే. నాకు టెన్షన్ నిజానికి అక్కడ.

మనిషిని శాంతపరిచే హాలోపెరిడాల్ కొంచెం ఇచ్చాం. మనిషి మత్తులోకి పోయాడే తప్ప నిద్రపోలేదు. ఐదో రోజు పొద్దున రౌండ్స్‌లో నైట్ సిస్టర్ నాకొక కాగితం ఇచ్చింది. "సార్, రాత్రి 10 నుంచి పొద్దున 5 లోపల ఈయన్ని మనమే పదకొండు సార్లు లేపినాం" అంది. టైము వేసి రాసుకుంది. షుగర్ చెక్ మూడు సార్లు, బీపీ కఫ్ బిగుసుకోవడం, పక్క బెడ్ అలారం, 4 గంటలకు రక్తం తీయడం, 4:30కి ఒళ్లు తుడవడం, లైట్లయితే రాత్రంతా. ట్రాక్టర్ దగ్గర గడిపిన రెండు రాత్రులు, ఇంట్లో నొప్పితో మూలిగిన రాత్రి, ఇక్కడి ఐదు రాత్రులు కలిపితే ఆయన నిద్రపోయి ఎనిమిది రాత్రులు. ఈ కేసులో నేను అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నది ఆ కాగితం నుంచే.

మెలటోనిన్ మెదడులోని పీనియల్ గ్రంథి చీకట్లో విడుదల చేసే హార్మోన్. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఏరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు పశువుల పీనియల్ గ్రంథుల నుంచి దీన్ని వేరు చేశాడు. శరీరానికి రాత్రయిందని చెప్పే సంకేతం అది. కంటి మీద వెలుతురు పడితే ఆగిపోతుంది. సెప్సిస్ రోగుల్లో ఈ లయ చెడిపోతుందని 2002లో వియన్నా వైద్యులు చూపించారు. మెలటోనిన్ విరిగి మూత్రంలోకి వచ్చే పదార్థాన్ని రాత్రింబవళ్లు కొలిస్తే, ఐసీయూలోని 17 మంది సెప్సిస్ రోగుల్లో 16 మందికి పగలు రాత్రి తేడానే లేదు. అదే ఐసీయూలో ఉన్నా సెప్సిస్ లేని ఏడుగురిలో ఆరుగురికి ఆ లయ నిలిచే ఉంది. అంటే తప్పు లైట్లదే కాదు, జబ్బుది కూడా.

ఐదో రోజు రాత్రి నుంచి రెండు పనులు మొదలుపెట్టాం. ఒకటి, మెలటోనిన్ 6 మి.గ్రా. రాత్రి 9 గంటలకు, మూడు మి.గ్రా. మాత్రలు రెండు నూరి నీళ్లలో కలిపి రైల్స్ ట్యూబ్‌లో పోయడం. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రను నూరకూడదు కాబట్టి మామూలు రకమే తెప్పించాం. అంతకు ముందు రోజు నుంచే ట్యూబులో కొంచెం కొంచెంగా ఆహారం వెళ్తోంది, వెనక్కి లాగితే పెద్దగా ఏమీ రావడం లేదు. పేగు కదలకపోతే మాత్ర పోసినా రక్తంలోకి చేరదు. బీపీ తగ్గొచ్చన్న జాగ్రత్తతో నారడ్రినలిన్ పూర్తిగా ఆగిన తర్వాతే మొదలుపెట్టాం. మెలటోనిన్ కొందరిలో ఇన్సులిన్ విడుదలను కాస్త తగ్గిస్తుంది, అందుకే షుగర్ మీద కూడా కన్నేసి ఉంచాం. సిప్రోఫ్లాక్సాసిన్, ఫ్లూవాక్సమిన్ లాంటి మందులు మెలటోనిన్‌ను లివర్‌లో విరగనివ్వవు, ఆ రెండూ ఈయనకు లేవు.

రెండోది, సిస్టర్ కాగితం. ఆయన బెడ్ మీది లైట్లు 10కి ఆపేయడం, కళ్లకు మెత్తటి గుడ్డ కట్టడం, చెవుల్లో దూది. రక్తం తీయడం, ఒళ్లు తుడవడం ఆరు గంటల తర్వాతే. అలారం హద్దులు ఆయనకు సరిపోయేలా సరిచేయడం. పగలు బెడ్‌ను కిటికీ వైపు తిప్పాం. అక్కడి నుంచి శేషాచలం కొండలు కనిపిస్తాయి. కళ్లద్దాలు ఇంట్లోనే ఉండిపోయాయని తెలిసి తెప్పించాం. కూతుర్ని రోజుకు రెండు పూటలా పక్కన కూర్చోనిచ్చాం. ఆ అమ్మాయి వచ్చిన ప్రతిసారీ "నాయనా, మనం తిరుపతిలో ఉండాము. అదో కొండ. కాయ దించేసినాము, దుడ్లు కూడా వచ్చేసినాయి" అని చెప్పేది.

మొదటి రాత్రి పెద్ద తేడా లేదు. రెండో రాత్రి నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోయాడు. నేను పొద్దున ఆరున్నరకు వెళ్లేసరికి కిటికీలోంచి చూస్తూ, "సార్, ఆ పైన లైట్లు ఘాట్ రోడ్డువేనా?" అని అడిగాడు. ఎనిమిదో రోజుకు డెలీరియం పరీక్ష రెండు షిఫ్టుల్లోనూ నెగెటివ్. ట్యూబు లాగడం మానేశాడు, తర్వాత దాని అవసరమే పోయింది.

ఇక గాయం. ఏడో రోజు గాయంలో స్పాంజి పెట్టి మురుగును పీల్చే వాక్యూమ్ డ్రెస్సింగ్ పెట్టాం, కింది కుట్లు బలహీనంగా ఉన్నందున తక్కువ ఒత్తిడిలో, అంటుకోని పొర ఒకటి అడుగున వేసి. పొట్ట చుట్టూ బెల్ట్ కట్టాం. మాంసకృత్తులు కిలోకు 1.5 గ్రాములు, ఇందులో కోడిగుడ్డు తెల్లసొన వాటా ఎక్కువ. జింకు, విటమిన్ సి లోపం ఉండకుండా చూసుకున్నాం. షుగర్ 140 నుంచి 180 మధ్య. గులాబీ నీరు తొమ్మిదో రోజుకు ఆగింది. పదో రోజు స్పాంజి తీస్తే బూడిద రంగు మధ్యలో ఎర్రటి చుక్కలు, కొత్త కండ. తుడిస్తే రక్తం చిమ్మింది. ఆ రక్తం చూసి నేనూ సిస్టర్‌లూ ఎంత సంతోషపడ్డామో బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదేమో. పదిహేడో రోజు చర్మం మూశాను. పద్దెనిమిదో రోజు మెలటోనిన్ ఆపేశాం, మొత్తం 14 రాత్రులు. ఇరవై నాలుగో రోజు ఇంటికి వెళ్లాడు.

పుండు మాన్పింది మెలటోనినేనా

రెండు నెలల తర్వాత చెకప్‌కు వచ్చినప్పుడు కూతురు అడిగింది. "సార్, మా నాయనకు రాత్రిపూట పోసినారే, ఆ పుండు మానే నిద్ర మాత్ర, దాని పేరు రాసిస్తారా? మా పెదనాయనకు కాలి మీద షుగర్ పుండు ఉంది, మూడు నెలలైనా మానలేదు."

ఆమె అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. మాత్ర మొదలైన ఐదు రోజులకు కండ వచ్చింది. ఆ రోజుల్లో నాకూ అలాగే అనిపించింది, తోటి వైద్యులతో అన్నాను కూడా. తర్వాత కేస్ షీట్ ముందు పెట్టుకుని కూర్చున్నాను.

సీఆర్‌పీ ఇన్‌ఫ్లమేషన్‌కు కొలత. రెండో రోజు 312, ఐదో రోజు 168, ఎనిమిదో రోజు 92, పదమూడో రోజు 31. మెలటోనిన్‌కు ముందు మూడు రోజుల్లో 46 శాతం తగ్గింది. మెలటోనిన్ మొదలైన మూడు రోజుల్లో 45 శాతం. గీత గీస్తే మాత్ర ఎక్కడ మొదలైందో ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. కడుపు కడగడంతో మొదలై, సరైన యాంటీబయాటిక్ దొరకడంతో సాగిన దిగుదల అది. నాలుగో రోజు మెరోపెనెమ్, ఐదో రోజు మెలటోనిన్, ఏడో రోజు వాక్యూమ్, మధ్యలో ఆహారం, ఇన్సులిన్. పదో రోజు వచ్చిన ఎర్రటి చుక్కలు తమవే అనడానికి వీటన్నింటికీ హక్కుంది. మెలటోనిన్ స్థాయినీ ఐఎల్-6నూ మేం రక్తంలో కొలవలేదు. కొలిచి ఉంటే ఇంకొంచెం గట్టిగా మాట్లాడగలిగేవాణ్ని.

మరి ప్రయోగశాలలు ఏం చెబుతున్నాయి? నిజంగా ఆశపెట్టే మాటే చెబుతున్నాయి. ఎలుకలకు పెద్దపేగు మొదట్లో ఉండే సీకమ్‌ను దారంతో కట్టి, సూదితో చిల్లు పొడిచి సెప్సిస్ తెప్పించే పద్ధతి ఒకటి ఉంది. నా రోగికి జరిగినదానికి చాలా దగ్గరగా ఉండే నమూనా. అలాంటి జంతువుల్లో మెలటోనిన్ ఇస్తే ఇన్‌ఫ్లమేషన్ రసాయనాలు తగ్గాయని పలు ప్రయోగాలు చూపించాయి. స్పెయిన్‌లోని గ్రనాడా బృందం 2015లో ఇది ఎలా జరుగుతుందో ఒక దారి చూపించింది. ఎన్‌ఎఫ్-కప్పా బి స్విచ్‌కూ ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే మరో ఇన్‌ఫ్లమేషన్ యంత్రానికీ మధ్య ఉన్న లింకును మెలటోనిన్ తెంపుతోందని తేల్చింది. మైటోకాండ్రియా లోపలికి చేరి విషపూరిత ఆక్సిజన్ రూపాలను పట్టుకునే గుణం దీనికి ఉంది. అది విరిగాక మిగిలే పదార్థాలూ అదే పని చేస్తాయి. గాయాల విషయంలో, 2008లో వచ్చిన అధ్యయనంలో ఎలుకల కోతల్లో మెలటోనిన్‌ను చర్మంలోకి ఎక్కిస్తే కొత్త రక్తనాళాలు త్వరగా వచ్చాయి, మచ్చ కూడా మెరుగ్గా ఏర్పడింది.

అయితే అన్నీ ఒకవైపే లేవు. 1990లలో పోలండ్ పరిశోధకులు ఎలుకల పీనియల్ గ్రంథి తీసేస్తే గాయంలో కొల్లాజెన్ పెరిగిందని, మెలటోనిన్ ఇస్తే ఆ పెరుగుదల అణిగిందని చూశారు. కడుపు విడిపోతుందేమో అని భయపడుతున్న సర్జన్ ఈ మాట దాటవేయకూడదు. కొల్లాజెన్ తగ్గడం మచ్చకు మంచిదైతే కావచ్చు, కడుపు కుట్టుకు కాదు. ఇన్‌ఫ్లమేషన్‌ను మొత్తం అణిచేయడమూ మేలు కాదు. శుభ్రం చేసే కణాలే రాకపోతే గాయంలో అల్లిక మొదలే కాదు.

ఇక మోతాదు లెక్క చూడండి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే. జంతువుల సెప్సిస్ ప్రయోగాల్లో వాడే మోతాదు తరచుగా కిలోకు 10 మి.గ్రా. లేదా అంతకంటే ఎక్కువ. ఎలుక మోతాదును మనిషికి మార్చడానికి వాడే మామూలు సూత్రం ప్రకారం దాన్ని 6.2తో భాగిస్తే, 60 కిలోల మనిషికి సుమారు 97 మి.గ్రా. అవుతుంది. మేం ఇచ్చింది 6 మి.గ్రా. పైగా నోటి ద్వారా ఇచ్చిన మెలటోనిన్‌లో రక్తంలోకి చేరేది దాదాపు 15 శాతమే, అది కూడా ముప్పావు గంటకు సగమైపోతుంది. ఎలుకకు ఇచ్చింది ఇంజెక్షన్, చాలాసార్లు సెప్సిస్ తెప్పించడానికి ముందో, వెంటనే తర్వాతో. మా రోగి వచ్చిందే 60 గంటలకు. ఆ ఎలుకల ఫలితాన్ని తెచ్చి ఈ 6 మి.గ్రా. పక్కన పెట్టడం న్యాయం కాదు.

పెద్ద మోతాదులు మనుషులకు ఎవరూ ఇవ్వలేదా అంటే ఇచ్చారు. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో హెలెన్ గాలీ బృందం 2014లో ఆరోగ్యవంతులకు 100 మి.గ్రా. దాకా నోటి ద్వారా ఇచ్చి చూసింది, మగత తప్ప చెప్పుకోదగ్గ ఇబ్బంది రాలేదు. అంతకు ముందు 2001లో ఇటలీలోని మెస్సీనాలో సెప్సిస్ వచ్చిన పది మంది నవజాత శిశువులకు పది మి.గ్రా. చొప్పున గంట తేడాతో రెండు డోసులు ఇచ్చారు. ఆ పది మందీ బతికారు, ఇవ్వని పది మందిలో ముగ్గురు చనిపోయారు. చదివితే గుండె కొట్టుకుంటుంది, కానీ ఇటు పది మంది, అటు పది మంది. ఆ ఒక్కదాని మీద చికిత్స కట్టలేం.

చిన్న అధ్యయనం ఆశ పెట్టి పెద్ద అధ్యయనం తేల్చేసిన సంగతులు ఈ మధ్యనే చూశాం. సెప్సిస్‌కు సెలైన్‌లో విటమిన్ సి ఎక్కిస్తే ప్రాణాలు నిలుస్తాయని కొన్నేళ్లు చాలామంది నమ్మారు. 2022లో 872 మంది మీద జరిగిన లోవిట్ అధ్యయనంలో విటమిన్ సి తీసుకున్నవాళ్లలో 28 రోజులకు మరణం లేదా అవయవాల వైఫల్యం 44.5 శాతం, తీసుకోనివాళ్లలో 38.5 శాతం. మేలు చేయకపోగా కీడు చేసినట్టే కనిపించింది. అదీ మెలటోనిన్‌లాగే విషపూరిత ఆక్సిజన్ రూపాలను పట్టుకునే యాంటీ ఆక్సిడెంటే.

నిద్ర, డెలీరియం విషయంలో కూడా నేను నా మీద నేను ప్రశ్న వేసుకోవాలి. ఆస్ట్రేలియాలో 12 ఐసీయూల్లో దాదాపు 850 మంది చేరిన ప్రో-మెడిక్ అధ్యయనం 2022లో వచ్చింది. రాత్రి 9 గంటలకు 4 మి.గ్రా. మెలటోనిన్, గరిష్ఠంగా 14 రాత్రులు. డెలీరియం రావడంలో తేడా కనిపించలేదు. అది రాకుండా ఆపడానికి చేసిన అధ్యయనం, వచ్చిన తర్వాత ఇవ్వడం వేరు అని నేను వాదించవచ్చు. అయినా, మా రోగి రెండో రాత్రి నిద్రపోయింది మాత్ర వల్లా, లైట్లు ఆపడం వల్లా, ఇన్‌ఫెక్షన్ తగ్గుతుండడం వల్లా అని అడిగితే, నేను లైట్ల వైపూ యాంటీబయాటిక్ వైపూ మొగ్గుతాను. ఆ పదకొండు లేపడాలు రెండుకు తగ్గించిన రాత్రే ఆయన నిద్రపోయాడు.

నిద్రకూ గాయానికీ సంబంధం మాత్రం ఉంది, దాన్ని కొట్టిపారేయను. చర్మంలోని ఫైబ్రోబ్లాస్ట్‌లకు సొంత గడియారం ఉంటుంది. 2017లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు 118 మంది కాలిన గాయాల రోగుల రికార్డులు చూస్తే, పగలు కాలిన గాయాలు సగటున 17 రోజుల్లో, రాత్రి కాలినవి 28 రోజుల్లో మానాయి. కణం గడియారం చూసి పనిచేస్తుంటే, ఎనిమిది రోజులు రాత్రే లేని శరీరంలో దానికి ఎంత గందరగోళమో. నా రోగి విషయంలో ఇంకా సూటి సంబంధం ఒకటి కళ్లముందే ఉంది. నిద్రపోయిన మనిషి గింజుకోలేదు, ట్యూబులు లాగలేదు, పొట్ట మీద ఒత్తిడి పడలేదు. ఆ మూడు వదులు కుట్లు నిలబడ్డాయి. కొల్లాజెన్ అల్లుకునేదాకా దారానికి టైము దొరికింది. మెలటోనిన్ ఈయన కోతకు ఏదైనా చేసి ఉంటే ఈ దారిలోనే చేసి ఉంటుందని నా అంచనా.

కూతురికి ఇదంతా ఇంత పొడుగ్గా చెప్పలేదు. "అమ్మా, అది పుండు మాన్పే మాత్ర కాదు, నిద్ర కోసం ఇచ్చింది. పెదనాయనను నా దగ్గరికి తీసుకురా, పాదానికి రక్తం ఆడుతోందో లేదో ముందు చూడాలి" అన్నాను. మర్నాడే తీసుకొచ్చారు. పాదం పైభాగంలో నాడి అందలేదు. రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ చేస్తే రక్తనాళం మూసుకుపోయి ఉంది, ఆ పని తెలిసినవాళ్ల దగ్గరికి పంపాం. ఇంకో నెల మాత్ర మింగిస్తూ కూర్చుని ఉంటే కాలు పోయేది.

ఆ తర్వాత కూడా ముగ్గురు నలుగురు ఫోన్లు చేశారు, మెలటోనిన్ గమ్మీలు తెచ్చి షుగర్ పుండుకు వాడొచ్చా అని. వద్దని చెప్పాను. చాలా గమ్మీల్లో చక్కెర కూడా ఉంటుంది.

మామిడి రైతుకు ఎనిమిదో వారంలో ఎండోస్కోపీ చేస్తే డుయోడినంలోని పుండు మానింది. అలాంటి పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ బ్యాక్టీరియా పాజిటివ్ వచ్చింది, 14 రోజుల కోర్సు ఇచ్చాం. డైక్లోఫెనాక్ పూర్తిగా ఆపించాం, మోకాళ్లకు పారాసిటమాల్, కాళ్ల వ్యాయామం. బీడీలు సగానికి తగ్గాయట, పూర్తిగా మానలేదు. ఆరు నెలలకు వచ్చినప్పుడు పడుకోబెట్టి దగ్గమన్నాను. కోత కింది చివర, ఆ మూడు కుట్లున్న చోట, వేళ్లు పెట్టి చూశాను. ఉబ్బు లేదు, గట్టిగా ఉంది. మొక్కు తీర్చుకుని తలనీలాలు ఇచ్చి వచ్చానని నున్నటి గుండు చూపించి నవ్వాడు.

మా ఐసీయూలో ఇప్పుడు అత్యవసరం లేని బెడ్ల లైట్లు రాత్రి 10కి ఆగిపోతాయి, రక్తం ఆరు తర్వాతే తీస్తారు. ఎవరిని ఎన్నిసార్లు లేపారో నైట్ చార్టులో ఒక గడి పెట్టించాం, రోజూ పొద్దున రౌండ్స్‌లో ముందు అదే చూస్తాను. మెలటోనిన్ కొందరికి ఇప్పటికీ రాస్తున్నాం. రాసిన ప్రతిసారీ పక్కన "నిద్ర కోసం" అని కూడా రాయమని డ్యూటీ డాక్టర్లకు చెప్పాను.